5జీ గుర్తు ఉంది, స్పీడు లేదు: కర్నూలు, కడప, అనంతపురం వాళ్ళు వరుసగా చూసుకోవాల్సినవి

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో నిలబడితే సినిమా క్షణాల్లో దిగిపోతుంది. అదే ఫోను పాతబస్తీ సందులోని ఇంట్లో పెడితే వీడియో మధ్యలో చక్రం తిరుగుతూ కూర్చుంటుంది, పైన 5జీ గుర్తు మాత్రం చెక్కుచెదరదు. ఇలాంటప్పుడు చాలామంది కంపెనీని తిడతారు, లేదంటే కొత్త ఫోను కొంటారు. ఆ రెండింటికీ ముందు చూడాల్సిన వరుస ఒకటుంది: ఫోను, సిమ్మూ ప్లానూ, సెట్టింగు, ఆ తర్వాత ఇల్లు, చివరికి టవరు. తిరగేసి మొదలుపెడితే డబ్బు దండగ.

గుర్తును ఎంతవరకు నమ్మాలి

దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. కర్నూలుకు జియో 5జీ 2023 జనవరిలో వచ్చింది. జియో, ఎయిర్‌టెల్ ఎంచుకున్న దారులు వేరు. ఆ తేడా తెలియకపోతే కింద చెప్పే పరీక్షలు సగం అర్థం కావు.

జియోది స్టాండలోన్ పద్ధతి. 5జీకి సొంత కోర్ నెట్‌వర్క్, అంటే టవర్ల వెనక అంతా నడిపే కేంద్ర వ్యవస్థ, ఉంటుంది, 4జీ మీద ఆధారపడదు. ఎయిర్‌టెల్ ఫోన్లకు ప్రధానంగా ఇచ్చింది నాన్ స్టాండలోన్. అందులో ఫోను ముందు 4జీ టవరును పట్టుకుంటుంది, దాని అండతో 5జీని అదనంగా జత చేసుకుంటుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. నాన్ స్టాండలోన్‌లో 4జీ టవరు "ఈ ప్రాంతంలో 5జీ ఉంది" అని ప్రకటించగానే చాలా ఫోన్లు 5జీ గుర్తు చూపిస్తాయి. ఆ క్షణంలో డేటా నడిచేది 4జీ మీదే కావచ్చు. ఏదైనా పెద్ద ఫైలు దింపడం మొదలుపెట్టాక గుర్తు 4జీకి మారిపోయిందంటే అంతకు ముందు కనిపించింది ఉత్త గుర్తే. స్టాండలోన్‌లో ఈ గందరగోళం తక్కువ. గుర్తు ఉందంటే ఫోను నిజంగానే 5జీ మీద ఉన్నట్టు.

ఫోను: 5జీ అని పెట్టె మీద ఉంటే సరిపోదు

చూడాల్సింది బ్యాండ్లు, అంటే ఫోను పట్టుకోగల ఫ్రీక్వెన్సీల వరుసలు. ఫోను మోడల్ పేరు, వేరియంట్ నంబరుతో కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్లు తెరిచి 5జీ బ్యాండ్ల వరుస చూడండి. ఎన్78 తప్పనిసరి. ఇది 3300 మెగాహెర్ట్జ్ బ్యాండు, అసలు స్పీడంతా ఇచ్చేది ఇదే, రెండు కంపెనీలూ వాడేదీ ఇదే. జియో వాడేవాళ్ళకు ఎన్28 కూడా ఉండాలి. అది 700 మెగాహెర్ట్జ్, దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది. 2020, 2021లో వచ్చిన కొన్ని 5జీ ఫోన్లలో ఎన్78 ఒక్కటే ఉంది. జియో మీద అలాంటి ఫోను రోడ్డు మీద బాగానే పరుగెత్తి, ఇంట్లోకి రాగానే 4జీకి దిగుతుంది. రిపేరు షాపులో దీనికి మందు లేదు.

జియో సిమ్ వేసే ఫోనుకు స్టాండలోన్ సపోర్టు కూడా కావాలి. పాత మోడళ్ళలో అది తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చింది. ఐఫోన్లలో 12 సిరీస్ నుంచి 5జీ ఉంది, మన దేశంలో అది పనిచేయాలంటే కనీసం ఐఓఎస్ 16.2 ఉండాలి. కొత్త ఫోను కొనేముందు ఎన్1, ఎన్3, ఎన్8, ఎన్40 కూడా ఉన్నాయో లేదో ఒక చూపు వేయండి. ఇప్పుడు 4జీకి వాడుతున్న స్పెక్ట్రమ్‌ను కంపెనీలు మెల్లగా 5జీకి మళ్ళిస్తాయి కాబట్టి అవి అక్కరకొస్తాయి. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చిన ఫోనైతే వేరియంట్ నంబరును మరీ జాగ్రత్తగా సరిచూడాలి. ఒకే పేరుతో దేశానికొక బ్యాండ్ల జాబితా ఉంటుంది.

సిమ్, ప్లాన్

జియో, ఎయిర్‌టెల్ 4జీ సిమ్ ఉంటే 5జీకి అదే చాలు, కొత్తది అక్కర్లేదు. "మీ సిమ్‌ను 5జీకి మారుస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే. ఓటీపీ చెప్పినా, ఈ-సిమ్ క్యూఆర్ కోడ్ పంపినా మీ నంబరు వాళ్ళ ఫోన్లోకి వెళ్తుంది, ఆ వెనకే బ్యాంకు ఖాతా. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

2024 జూలైలో రేట్లు పెంచినప్పటి నుంచి అపరిమిత 5జీని రెండు కంపెనీలూ రోజుకు 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశాయి. ప్లాన్లు తరచూ మారుతుంటాయి కాబట్టి రీఛార్జ్ చేసే ముందు యాప్‌లో ఆ ప్లాన్ వివరాలు విప్పి "అన్‌లిమిటెడ్ 5జీ" అన్న మాట ఉందో లేదో చూడండి. ఇందులో చాలామందికి తగిలే దెబ్బ వేరే ఉంది. అపరిమితం 5జీకి మాత్రమే. ఫోను 4జీకి జారిన ప్రతి నిమిషం రోజువారీ కోటాలోంచి ఖర్చవుతుంది. హాట్‌స్పాట్ పెట్టి టీవీలో క్రికెట్ చూస్తుంటే, సిగ్నల్ జారిన సంగతి "మీ డేటా అయిపోయింది" అన్న మెసేజ్ వచ్చేదాకా తెలియదు.

సెట్టింగులు

శామ్‌సంగ్‌లో కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్, నెట్‌వర్క్ మోడ్‌లోకి వెళ్ళి 5జీతో మొదలయ్యే ఆటో కనెక్ట్ వరుస ఎంచుకోవాలి. మిగతా ఆండ్రాయిడ్లలో సిమ్ పేరు నొక్కితే "ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్" దొరుకుతుంది. ఐఫోన్లో మొబైల్ డేటా, ఆ లోపల వాయిస్ అండ్ డేటా. అక్కడ "5జీ ఆటో" బ్యాటరీని పొదుపుగా వాడుతుంది, "5జీ ఆన్" ఎప్పుడూ 5జీ కోసం వెతుకుతుంది. వోల్టీ, అంటే 4జీ మీద కాల్స్ నడిపే సదుపాయం, ఆన్‌లో ఉండాలి, లేకపోతే కాల్ వచ్చినప్పుడల్లా గొడవే. రెండు సిమ్‌లు వేస్తే కొన్ని ఫోన్లు డేటాకు ఎంచుకున్న సిమ్‌కే 5జీ ఇస్తాయి. బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే చాలా ఫోన్లు చెప్పకుండానే 5జీని ఆపేస్తాయి. ఏపీఎన్‌లో, అంటే ఫోను ఇంటర్నెట్‌కు చేరే దారి చెప్పే సెట్టింగులో, ఎవరో చెప్పిన "స్పీడు ఏపీఎన్" ఎక్కించుకుని ఉంటే దాన్ని డిఫాల్ట్‌కు రీసెట్ చేయండి. అలాంటిదేదీ లేదు.

ఇక ఊళ్ళో వీడియోలు చూసి అందరూ చేసే పని: డయలర్‌లో *#*#4636#*#* కొట్టి, ఫోన్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్ళి "ఎన్ఆర్ ఓన్లీ", అంటే 5జీ ఒక్కటే, పెట్టడం. ఎయిర్‌టెల్ సిమ్‌తో ఇది పెడితే, 4జీ అండ తెగిపోతుంది కాబట్టి నెట్‌వర్కే పోవచ్చు. జియోలో డేటా వస్తుంది గానీ, ఆ ఫోన్లో 5జీ మీద మాట్లాడే సదుపాయం, అంటే వీఓఎన్ఆర్, లేకపోతే కాల్స్ రావు. ఫోను నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది, చేసిన వాళ్ళకు మాత్రం "అందుబాటులో లేరు" అని వినిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లో దీన్ని అసలు ముట్టుకోవద్దు. పరీక్ష కోసం పెట్టినా పది నిమిషాల్లో వెనక్కి మార్చేయండి.

ఇల్లు: అసలు సమస్య ఎక్కువగా ఇక్కడే

సిగ్నల్ గీతలు కొలత కాదు. ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో ఫోను కంపెనీ తన ఇష్టం. చూడాల్సిన అంకె డీబీఎం అనే సిగ్నల్ శక్తి కొలతలో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంత్ అని కనిపిస్తుంది. శామ్‌సంగ్‌లో చాలా మోడళ్ళలో *#0011# కొడితే బ్యాండుతో సహా వస్తుంది. ఐఫోన్లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి, ఆర్ఎస్ఆర్పీ అన్న వరుస వెతకాలి, సిగ్నల్ బలం అదే.

అంకె ముందు మైనస్ ఉంటుంది. -80 బలంగా ఉన్నట్టు. -95 దాకా ఇబ్బంది లేదు. -105 దగ్గర వీడియో నడుస్తుంది గానీ అప్‌లోడ్ ఈడుస్తుంది. -115 దాటితే ఫోను 4జీకి, 5జీకి మధ్య ఊగిసలాడుతూ బ్యాటరీ తినేస్తుంది. ప్రతి పది అంకెలకూ వచ్చే శక్తి పదో వంతు అవుతుంది. అంటే వీధిలో -85 ఉండి నడిమింట్లో -105 ఉంటే, గోడలు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మింగేసినట్టు.

కొలవడం ఇలా. మూడు చోట్లు: నడిమిల్లు, వీధి వైపు కిటికీ, మిద్దె మీద. ఒక్కో చోట ఫోను కదపకుండా అర నిమిషం ఉంచి అంకె రాసుకోండి, బ్యాండు కనిపిస్తే అదీ రాయండి. తర్వాత ఒక స్పీడ్ టెస్ట్, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ మైస్పీడ్ యాప్‌తోనైనా సరే. మంచి 5జీ మీద ఒక్క టెస్టే కొన్ని వందల ఎంబీ తింటుంది, కాబట్టి 4జీలో ఉన్నప్పుడు ఊరికే నొక్కుతూ కూర్చోవద్దు. ఇదంతా ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి రాత్రి తొమ్మిదికి చేయాలి. ఫలితం ఎంబీపీఎస్‌లో ఉంటుంది, ఫైలు సైజు ఎంబీలో ఉంటుంది. ఎనిమిదితో భాగించుకుంటే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర ఎంబీ.

మిద్దె మీద బాగుండి లోపల పడిపోతే తప్పు టవరుది కాదు, ఇంటిది. ఎన్78 తరంగం పొడవు సుమారు తొమ్మిది సెంటీమీటర్లే. అది గోడను దాటలేక చాలా మటుకు అక్కడే చస్తుంది. ఎన్28ది నలభై సెంటీమీటర్ల దరిదాపు, కాబట్టి లోపలికి చొరబడుతుంది. మన వైపు పాత ఇళ్ళు అడుగున్నర, రెండడుగుల మందం రాతిగోడలవి, పైన బండల కప్పు. సిమెంటు ఇటుక గోడకు పనిచేసే లెక్క వాటికి పనిచేయదు. రేకుల ఇల్లయితే మరీ అన్యాయం. ఇనుప రేకు రేడియో తరంగాన్ని తిప్పికొడుతుంది, పైనుంచి ఏమీ రాదు, తలుపులో నుంచీ కిటికీలో నుంచీ వచ్చిందే దక్కుడు.

చేయగలిగింది ఏమిటంటే, హాట్‌స్పాట్ ఫోనును టవరు వైపు కిటికీ గూట్లో పెట్టి, లోపల మిగతా ఫోన్లను వైఫై మీద నడపడం. ఎయిర్ కూలర్, ఫ్రిజ్, ఇనుప బీరువా పక్కన మాత్రం పెట్టకండి. ఇంట్లో ఎవరి బ్రాడ్‌బ్యాండ్ వైఫై ఉన్నా వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే మాటల సమస్య అక్కడికక్కడే తీరుతుంది. సిగ్నల్ బూస్టర్లని అంగళ్ళలో, ఆన్‌లైన్లో అమ్మే పెట్టెలు కొనవద్దు. సిగ్నల్‌ను పట్టి పెంచి మళ్ళీ పంపే ఇలాంటి రిపీటర్‌ను సొంతంగా బిగించడం చట్టవిరుద్ధం. అదీగాక అవి టవరు వినాల్సిన చోట రొద పుట్టించి వీధి మొత్తానికి స్పీడు పడగొడతాయి.

టవరు: సిగ్నల్ నిండుగా ఉన్నా స్పీడు రాకపోతే

మిద్దె మీద -80 ఉండి కూడా పది ఎంబీపీఎస్ దాటకపోతే మూడు కారణాల్లో ఒకటి. తెల్లవారుజామున బాగుండి రాత్రి పడిపోతే జనం ఎక్కువై టవరు నిండిపోతోంది. ఏ వేళ కొలిచినా ఒకే అంకె దగ్గర ఆగిపోతుంటే టవరు నుంచి వెనక్కి వెళ్ళే లైను ఇరుకు. ఫైబర్ చేరని టవర్లు మైక్రోవేవ్ డిష్ మీద నడుస్తాయి, ఎన్ని 5జీ పెట్టెలు బిగించినా ఆ డిష్ మోయగలిగినంతే మీకు వచ్చేది. మూడోది, మీ ఫోను ఎన్28 మీద ఉండటం. జియోకు 700లో ఉన్నది 10 మెగాహెర్ట్జ్ జత (పంపడానికి పది, అందుకోవడానికి పది), ఎన్78లో 100 మెగాహెర్ట్జ్. కాబట్టి ఎన్28 ఒక్కదాని మీద గట్టిగా వచ్చినా వంద ఎంబీపీఎస్ దరిదాపుల్లో ఆగుతుంది, జనం పంచుకుంటే ఇంకా తక్కువ. పల్లెల్లో "5జీ వచ్చింది గానీ 4జీకి తేడా లేదు" అనేది చాలా చోట్ల ఇదే. ఆ మాటలో అబద్ధం లేదు.

టవరు దగ్గరికెళ్ళి తలెత్తి చూస్తే కూడా కొంత తెలుస్తుంది. పొడవుగా సన్నగా నిలబడినవి పాత 4జీ యాంటెన్నాలు. వాటి పక్కన పొట్టిగా, వెడల్పుగా, మందంగా పెట్టెలా ఉన్న పలక కనిపిస్తే అది ఎన్78కు వాడే 5జీ యాంటెన్నా, దాన్ని మాసివ్ మైమో అంటారు. అది లేకుండా 5జీ గుర్తు వస్తుంటే మీ ఊరికి అందుతున్నది తక్కువ బ్యాండు 5జీ, లేదా పక్క ఊరి టవరు. కంపెనీల సైట్లలో కవరేజ్ మ్యాపులు ఉండాలని ట్రాయ్ నిబంధన పెట్టింది. మీ ఊరిని అక్కడ వెతకండి, కానీ ఆ రంగు వీధిలోని సంగతి చెబుతుంది, నడిమింటి సంగతి కాదు.

అప్‌లోడ్ గురించి ఒక మాట. ఎన్78లో పంపడానికీ అందుకోవడానికీ ఒకే ఫ్రీక్వెన్సీని కాలం పంచి వాడతారు, ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే పోతుంది. టవరు దగ్గర శక్తి ఉంటుంది, మీ ఫోను మామూలుగా పంపగలిగేది వాట్‌లో ఐదో వంతు. అందుకే దూరంగా ఉన్నప్పుడు టవరు మాట మీకు వినిపిస్తుంది, మీ మాట టవరుకు చేరదు. గుర్తు ఉంటుంది, పేజీ తెరుచుకోదు. పెళ్ళి వీడియోలు, ఆన్‌లైన్ క్లాసులు పంపేవాళ్ళు అలాంటి చోట 4జీకి మార్చుకుని పంపితే పని తొందరగా అవుతుంది.

ఇంకో కారణం ఎండ. ఐఫోన్‌కు యాపిల్ చెప్పే పరిసర ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలు, మన మే నెల దాన్ని పొద్దున్నే దాటేస్తుంది. ఫోను వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ముందు 5జీని వదులుకుంటుంది. బండి హ్యాండిల్‌కు బిగించి మ్యాపు చూస్తూ, ఛార్జింగ్ పెట్టి, హాట్‌స్పాట్ ఇస్తే అరగంట కూడా పట్టదు. కవరు తీసి, ఛార్జర్ ఊడబెరికి, ఫ్యాను కింద పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పట్టి బోర్డు పోతుంది.

కర్ణాటక సరిహద్దులో, రాయదుర్గం, మడకశిర, హిందూపురం వైపు, ఫోను అవతలి సర్కిల్ (టెలికాం ప్రాంతం) టవరు పట్టుకుని డేటా ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. డేటా రోమింగ్ ఆన్ చేసి ఉంచండి, దేశం లోపల ప్లాన్లకు దీనికి అదనపు ఛార్జీ ఉండదు. కర్నూలు నుంచి తుంగభద్ర దాటి అలంపురం వెళ్ళినా ఈ బాధ లేదు, ఆంధ్ర, తెలంగాణ టెలికాం లెక్కలో ఇంకా ఒకే సర్కిల్. నల్లమల ఘాట్లలో, అహోబిలం దారిలో సిగ్నల్ పోయే చోట్లకు ముందే మ్యాపు ఆఫ్‌లైన్లో దింపుకోవడం ఒక్కటే మార్గం.

బీఎస్ఎన్ఎల్ మీద ఉన్నవాళ్ళకు ఇప్పుడు వస్తున్నది 4జీ. 2025 సెప్టెంబరు 27న దేశవాళీ పరికరాలతో ప్రారంభించారు. దానికి ఫోన్లో 4జీ బ్యాండ్ 1, బ్యాండ్ 28 కావాలి. పాత 4జీ ఫోన్లలో బ్యాండ్ 28 తరచూ ఉండదు. 2జీ, 3జీ కాలపు సిమ్ అయితే ఆధార్ తీసుకెళ్ళి కస్టమర్ కేంద్రంలో మార్చుకోవాలి.

ఎయిర్‌ఫైబర్ పెట్టించుకునేటప్పుడు

ఎయిర్‌ఫైబర్ అంటే 5జీ సిగ్నల్ మీద నడిచే ఇంటి వైఫై. ఫైబర్ రాని వీధికి ఇది మంచి మార్గమే, బిగింపు సరిగ్గా ఉంటే. మిద్దె మీద ఒక యూనిట్, లోపల ఒక రౌటర్, మధ్యలో కరెంటూ డేటా రెండూ మోసే ఒకే కేబుల్. బిగించేవాళ్ళు వచ్చినప్పుడు పైపు ఎక్కడ సులువో అక్కడ పెట్టి వెళ్ళిపోవాలని చూస్తారు. యూనిట్‌ను పిట్టగోడకు రెండు మూలల్లో పెట్టి చూపమనండి, రెండు చోట్ల సిగ్నల్ అంకె అడగండి, మంచిదాన్నే ఎంచుకోండి. టవరుకీ దానికీ మధ్య వేపచెట్టు ఉంటే వానాకాలం తడి ఆకులు సిగ్నల్ మింగుతాయి, కాబట్టి ఎండాకాలపు అంకెను చూసి మురిసిపోవద్దు. గోడకు వేసే రంధ్రం బయటికి వాలుగా ఉండాలి, లోపలికి వచ్చే ముందు కేబుల్ కిందికి ఒక వంపు తిరగాలి, వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి. కోతులున్న ఊళ్ళో కేబుల్‌ను పైపులో దించాల్సిందే. ఉత్తగా వేలాడితే వారం కూడా ఉండదు.

వెళ్ళేముందు రౌటర్‌కు లాన్ కేబుల్ పెట్టి ఒకసారి, వైఫైలో ఒకసారి స్పీడు కొలిపించండి. కేబుల్ మీద బాగుండి వైఫైలో పడితే లోపం ఇంటి లోపలిది. కరెంటు పోతే యూనిట్, రౌటర్ రెండూ ఆగుతాయి, కాబట్టి రెండింటినీ ఇన్వర్టర్ లైను మీద వేయించండి.

ఎవరైనా మీ మిద్దె మీద టవరు పెడతాం, నెలకు ఇంత అద్దె, ముందు ఇంత కట్టండి అంటే తలుపేసేయండి. అద్దె ఇచ్చేది వాళ్ళు, కట్టేది మీరు కాదు. ట్రాయ్ పేరుతో చూపించే అనుమతి పత్రాలన్నీ దొంగవే.

ఫిర్యాదు, పోర్టింగ్

ఇన్నీ చూశాక కూడా తప్పు టవరుదే అని తేలితే 198కి ఫోన్ చేసి ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు తీసుకోండి. "నెట్ స్లో" అని చెబితే రీస్టార్ట్ చేయమంటారు. తేదీ, వేళ, పిన్‌కోడ్, మిద్దె మీది డీబీఎం, రెండు వేళల స్పీడు అంకెలు చెబితే మాట ముందుకు కదులుతుంది. తేలకపోతే అదే డాకెట్ నంబరుతో కంపెనీ అప్పీలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు వేయొచ్చు, దానికి రుసుము లేదు.

నంబరు మార్చకుండా కంపెనీ మారాలంటే, ముందు పక్కింటివాళ్ళ సిమ్‌నో హాట్‌స్పాట్‌నో అరువడిగి మీ నడిమింట్లోనే కొలవండి. నచ్చితే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి ఎస్ఎంఎస్ పంపాలి. వచ్చిన కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. సిమ్ ఈమధ్యే మార్చుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి, 2024 జూలై 1 నుంచి ఆ నిబంధన ఉంది. పోస్ట్‌పెయిడ్ బాకీ ఉంటే ముందు కట్టేయండి, లేకపోతే అభ్యర్థన తిరస్కరిస్తారు. మారే రోజు కొన్ని గంటలు నంబరు పనిచేయదు, బ్యాంకు ఓటీపీల పని ఏదైనా ఉంటే ముందురోజే ముగించుకోండి.